ఇరువదియొకటి యను బూచి

చిలకలగూడ చౌరస్తానుండి స్టేషనువైపు పోవు దారిలో, మా వీధి మలుపున లేచుచున్న ఐదంతస్తుల కట్టడమునకు ఇటుకలు మోయుటకై పాలమూరు పల్లెనుండి వచ్చి, ఆ కట్టడము నీడనే రేకుల గుడిసెలో పెనిమిటితో కాపురమున్న యొక ఇల్లాలు, మొన్న నన్ను రెండువేలు బదులడిగినది. ఎందులకమ్మా యనగా, ఊరిలో ముసలియత్తకడ విడిచివచ్చిన కూతురునకు, తొమ్మిదవ తరగతి చదువుచున్న పిల్లకు, పెండ్లి నిశ్చయమైనదట. "గవర్మెంటోళ్లు ఇర్వయొక్కేండ్లు చేస్తుండ్రంట సారూ. గందాక ఆగితె పిల్ల ముదురుతది, ఎవలు చేస్కుంటరు? ఇప్పుడే చేసి పారేస్తె అయిపోతది" అని చెప్పునపుడు ఆమె ముఖమున అణుమాత్రమును సంశయము లేదు.

ఈ పుకారునకు మూలము లేకపోలేదు. స్త్రీల వివాహవయస్సును పదునెనిమిదినుండి ఇరువదియొకటికి పెంచు బిల్లును కేంద్రప్రభుత్వము 2021 డిసెంబరు 21వ తేదీన లోకసభలో ప్రవేశపెట్టిన మాట సత్యము. అది వెంటనే స్థాయీసంఘమునకు పోయి, అచటనే కాలక్షేపము చేసి, 2024 జూన్‌లో పదునేడవ లోకసభ రద్దగుటతో తానును మురిగిపోయిన మాట యంతకంటె సత్యము. ఒకవేళ చట్టమైనను, ఆమోదము పొందిన రెండేండ్లకు గాని అమలునకు రాదని ఆ బిల్లులోనే వ్రాసియుండెను. కాని బిల్లు కనబడినచోట చట్టము వచ్చెనని భ్రమించుట మనవారికి వెన్నతో పెట్టిన విద్య. ఆ డిసెంబరులోనే పాతబస్తీలో పెండ్లిండ్లు తొందరపెట్టిన కథనములు పత్రికలకెక్కినవి. బిల్లు చచ్చినది, పుకారు చావలేదు. దానికి లోకసభతో పనిలేదు గదా!

అదియును అట్లుండనిండు. పదునాలుగేండ్ల పిల్లకు ఇరువదియొకటితో పని యేమి? రేపటి చట్టమునకు జడిసి నేటి చట్టమును కాలరాచుట యే తర్కము? 1978నుండి ఈ దేశమున ఆడపిల్లకు పదునెనిమిది నిండనిదే పెండ్లి చేయరాదు. 2006 నాటి బాల్యవివాహ నిషేధచట్టము ప్రకారము పెండ్లాడిన మగవానికిని, జరిపించినవారికిని, ప్రోత్సహించినవారికిని రెండేండ్లవరకు కఠినశిక్షయు, లక్ష రూపాయలవరకు జరిమానాయు కలవు. ప్రభుత్వమిచ్చు కల్యాణలక్ష్మి సాయము వచ్చునను ఆశతో అప్పుచేయువారు, పెండ్లినాటికి వధువునకు పదునెనిమిది నిండనిచో ఆ లక్షయు నూటపదియారును తమ గడప త్రొక్కవని యేల యెఱుగరో!

ఈ తొందర క్రొత్తది గాదు. 1929లో శారదా చట్టము బాలికకు పదునాలుగేండ్ల హద్దు పెట్టినపుడు, అది 1930 ఏప్రిల్ 1న అమలగులోపల, చంకలోని పిల్లలకు సైతము పుస్తెలు కట్టించిన ఘనులు మనలో గలరు. గడువు దాటినపిదప కోస్తాజిల్లాలవారు, బ్రిటిషు చట్టము చెల్లని ఫ్రెంచివారి యానామునకు బండ్లు కట్టుకొనిపోయి పీటలమీద కూర్చుండబెట్టిరి. ఆ యూరికి కల్యాణపురమను పేరు వినబడుట యందువలననే. నాడు పదునాలుగు బూచి, నేడు ఇరువదియొకటి బూచి. అంకె మారినది గాని, పిల్లను వదిలించుకొనవలెనను ఆతురత మారలేదు.

అసలు చిక్కు ఈ అంకెలలో లేదని నా యభిప్రాయము. 2009 నాటి విద్యాహక్కు చట్టము ఆరునుండి పదునాలుగేండ్ల వరకే చేయి పట్టుకొనును. వివాహచట్టము పదునెనిమిదివరకు ఆగుమనును. ఈ నడిమి నాలుగేండ్లును ఆడపిల్లకు బడి యొక హక్కు గాదు, పెండ్లి యొక అర్హత గాదు. పల్లెలోని బడి ఎనిమిదితో ఆగి, హైస్కూలు రెండు మూడు మైళ్ళ ఆవలి యూరిలో నుండి, బస్సు పొద్దున నొకటి సాయంత్రమొకటియై, తల్లిదండ్రులు పట్నమున మట్టి మోయుచుండగా, ఆ నాలుగేండ్లలో ఏ పుకారు చెవిని బడినను అది ముహూర్తమై కూర్చుండును. 2019–20 కుటుంబ ఆరోగ్య సర్వేలో, ఇరువదినుండి ఇరువదినాలుగేండ్ల వరకు గల స్త్రీలలో పదునెనిమిది నిండకయే పెండ్లియైనవారు తెలంగాణమున నూటికి 23.5, ఆంధ్రమున 29.3.

తక్కిన అపోహలకు ఇంత కాగితము దండుగ. టి.సి. లేనిదే చేర్చుకొనరందురు, ఎనిమిదవ తరగతివరకు చట్టమే చేర్చుకొనుమనుచున్నది. చదివిన పిల్ల మాట వినదందురు. ఇట్టి మాటలు వినకుండుటయే మేలు. గద్వాల సీడ్‌పత్తి చేలలో పూల క్రాసింగునకు చిన్నపిల్లల వ్రేళ్ళే కావలెనందురు; కావలసినది వ్రేళ్ళు గావు, చవుక కూలి. పేదలకు చదువుపై మక్కువ లేదను పండితులకు మాత్రము దూరము పోనక్కరలేదు: ఈ సికింద్రాబాదుననే మామిడిపూడి వెంకటరంగయ్యగారి పేర 1981లో వెలసిన ఫౌండేషను, శాంతా సిన్హాగారి నాయకత్వమున 1991నుండి రంగారెడ్డి జిల్లా పల్లెలలో కూలికి పోవు పిల్లలను శిబిరములలో చదివించి, వయస్సునకు తగిన తరగతులలో చేర్పించినది. దారి చూపినచోట పంపినవారు ఆ నిరుపేద తల్లిదండ్రులే. 2003లో ఆమెకు మెగసెసే పురస్కారము వచ్చుటకు హేతువీ కృషియే.

ఒక్క మాట మాత్రము, ఇష్టము లేకున్నను, ఒప్పుకొనవలసియున్నది. చదివించినకొలది కట్నము పెరుగునని ఆ ఇల్లాలు వాదించినది. నేను వెంటనే కాదనలేకపోతిని. పది చదివిన పిల్లకు ఇంటరు చదివినవానిని, డిగ్రీ పిల్లకు ఉద్యోగస్థుని వెదకుట మన యాచారము. వెల వానిది, భారము దీనిది. 1961నుండి కట్నము నేరమే యైనను, బేరము మానినవారిని వ్రేళ్ళపై లెక్కింపవచ్చును. కాని ఇప్పుడు చవుకగా వచ్చిన ఆ సంబంధమెట్టిదని అడిగితిని. పిల్లవాడు లారీ క్లీనరట, వయస్సు ఇరువదియాఱట. చవుకదనమునకు కారణము తెలిసినది.

రెండువేలు ఇయ్యలేదు. ఇచ్చుచో పిల్ల సైకిలునకు ఇత్తునంటిని. ఆమెకు కోపము వచ్చినది. ఊరి అంగన్‌వాడీ టీచరునకు చెప్పినను, బాలల సహాయవాణి 1098కి ఫోను చేసినను పెండ్లి ఆపుదురని, మునుముందు బడి దూరమైనచో కస్తూర్బా విద్యాలయమున ఉచితముగ ఉండి చదువవచ్చునని, అదియును కుదరనిచో ఓపెన్ స్కూలులో పదవ తరగతి పరీక్ష వ్రాయవచ్చునని, చాల సేపు చెప్పితిని. మూడవనాడు తానే తిరిగివచ్చి, నోటిమాట ఊరిలో ఎవరును నమ్మరు గనుక చట్టము సంగతి కాగితముపై వ్రాసియిమ్మని అడిగినది. తేదీలతో, శిక్షలతో, రెండు పుటలు పెద్దయక్షరములతో వ్రాసియిచ్చితిని. ఊరిలో దానిని ఎవరు చదువుదురని అడుగగా, అత్తకు రాదు, మరదికి రాదు, "పిల్లనే సదివి ఇనిపిస్తది సారూ" అన్నది.