బంగారు లాగు దక్కని కుర్రాళ్లు

ఫుట్‌బాల్ అంటే మనకి తెలిసింది కాలితో తన్నే బంతాట. అమెరికాలో అదే పేరుతో ఆడేది వేరే. కోడిగుడ్డు ఆకారంలో ఉన్న బంతిని చేత్తో విసురుతూ, చంకలో ఇరికించుకుని పరిగెడుతూ, అడ్డొచ్చినవాణ్ణి గుద్దుకుంటూ పోతారు. జట్టుకి పదకొండు మంది. నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకెళ్తే మళ్లీ నాలుగు ప్రయత్నాలు, లేదంటే బంతి అవతలివాళ్ల పాలు. గీత దాటితే ఆరు పాయింట్లు, గుంజల మధ్యనుంచి తన్నితే మూడు. మన కబడ్డీకి దూరపు చుట్టమనుకోండి. ఇంతమాత్రం తెలిస్తే చాలు, మిగతా రూల్స్ నాకూ పూర్తిగా రావు.

మేముండేది ఒహాయో రాష్ట్రంలోని కొలంబస్‌లో. ఈ ఊళ్లో శరదృతువులో శనివారం నాడు శ్రీమంతమో గృహప్రవేశమో పెట్టుకోవాలంటే, పంచాంగం కంటే ముందు ఒహాయో స్టేట్ యూనివర్సిటీ ఫుట్‌బాల్ జట్టు ఆటల పట్టిక చూడాలి. లేకపోతే పులిహోర గిన్నెడూ మిగిలిపోతుంది. గుర్రపు లాడం ఆకారంలో ఉండే వాళ్ల స్టేడియం 1922లో కట్టింది. అందులో 1,02,780 మంది పడతారు. ఆటకి ముందు బ్యాండువాళ్లు వాయిస్తూ నడుస్తూనే ‘ఒహాయో’ అన్న ఇంగ్లీషు అక్షరాలు మైదానంలో రాస్తారు. ఒంటికి చుట్టుకునే పెద్ద ఇత్తడి బాకా పట్టుకున్న ఒకరు చివర్న వచ్చి, ‘ఐ’ మీద చుక్కలా నిలబడి వంగి నమస్కరిస్తారు. ఆ బ్యాండులోకి ఆడపిల్లల్ని రానిచ్చింది 1973లోనేట! చుక్కగా నిలబడే భాగ్యం అమ్మాయిలకి దక్కింది ఆ తర్వాతే.

ఇక మిషిగన్ సంగతి. పక్క రాష్ట్రం, పాత వైరం. ఏటా నవంబరు ఆఖర్లో ఈ రెండు జట్లకీ ఆట ఉంటుంది. ఆ వారం క్యాంపస్‌లో బోర్డుల మీద ‘ఎమ్’ అక్షరం ఎక్కడుంటే అక్కడ ఎర్ర టేపుతో కొట్టేస్తారు. 1934లో షమిట్ అని ఒక కోచ్, ‘మిషిగన్ వాళ్లూ మనలాగే ఒక్కో కాలూ దూర్చి లాగు తొడుక్కునే మనుషులే, భయమెందుకు’ అన్నాడట. అప్పట్నుంచీ మిషిగన్‌ని ఓడించిన ప్రతి ఏడాదీ ఆటగాళ్లకి చిన్న బంగారు లాగు బహుమతి. మన గొలుసులకి వేసుకునే బిళ్లంత ఉంటుంది. బంగారం విలువ తెలిసిన మనకి నవ్వొస్తుంది గానీ, ఆ కుర్రాళ్లకి అది కాసులపేరు కంటే ఎక్కువ.

మా అమ్మాయి ఆ కాలేజీలో చేరింది 2021లో. జాక్ సాయర్, ట్రెవియన్ హెండర్సన్, ఎమెకా ఎగ్‌బుకా, జె.టి. టుయిమొలోవావ్ చేరిందీ ఆ ఏడాదే. అందుకే ఇంట్లో వాళ్లని ‘మా బ్యాచ్ వాళ్లు’ అనేది. 2021లో మిషిగన్ చేతిలో ఓటమి. 2022లో ఓటమి. 2023లోనూ అదే. ఆ నలుగురూ అప్పుడే వెళ్లిపోయి ఎన్.ఎఫ్.ఎల్.లో డబ్బు సంపాదించుకోవచ్చు. ఇంకొక్క ఏడాది ఉండి, మిషిగన్‌ని ఒక్కసారైనా ఓడించి పోదామని ఆగిపోయారు. 2024 సీజన్ అంటే నాకు ఆ నలుగురి కథే. మా అమ్మాయికీ ఆఖరి ఏడాది.

మొదట్లో అంతా నల్లేరు మీద బండి. ఆక్రన్ మీద 52-6, వెస్టర్న్ మిషిగన్ మీద 56-0. కాన్సస్ స్టేట్ నుంచి కొత్తగా వచ్చిన విల్ హోవర్డ్ బంతి విసరడం, జెరెమయా స్మిత్ అనే మొదటి ఏడాది కుర్రాడు గాల్లో ఒంటిచేత్తో దాన్ని అందుకోవడం. అక్టోబరు 12న ఆరెగన్‌లో ఒక్క పాయింటు తేడాతో, 32-31తో ఓడిపోయారు. నవంబరు 2 మధ్యాహ్నం పెన్ స్టేట్‌తో ఆట. అదే రోజు సాయంత్రం మా కాలనీ దీపావళి పార్టీ. గారెల పిండి రుబ్బుతూ మధ్యమధ్య పరిగెత్తుకొచ్చి చూశాను. పెన్ స్టేట్ వాళ్లు గీతకి మూడు గజాల దూరంలోకి వచ్చేశారు. నాలుగు ప్రయత్నాలూ మనవాళ్లు గోడలా నిలబడి ఆపేశారు. 20-13తో గెలుపు. ఆ రోజు గారెలు ఎలా వచ్చాయో ఎవరూ నన్నడగలేదు!

నవంబరు 30 మాత్రం మర్చిపోలేను. ఆట మన స్టేడియంలోనే. ఆ ఏడాది మిషిగన్ అంతంతమాత్రం, అప్పటికే అయిదు ఓడింది. పందేలు కాసేవాళ్లు దాదాపు ఇరవై పాయింట్ల తేడాతో మనమే గెలుస్తామని లెక్కలేశారు. సగం ఆటకి 10-10. ఆ తర్వాత మనవాళ్లు ఒక్క పాయింటూ చెయ్యలేదు. పక్కన స్మిత్ లాంటివాడుండగా బంతి విసరకుండా, గోడకి తల బాదుకున్నట్టు మాటిమాటికీ మధ్యలోంచే పరిగెత్తించారు. ఎందుకలా చేశారో నాకిప్పటికీ అర్థం కాదు. జేడెన్ ఫీల్డింగ్ రెండుసార్లు తన్నితే రెండూ గుంజల పక్కనుంచి పోయాయి. ఇంకో 45 సెకన్లుందనగా మిషిగన్ వాడు తన్నింది సూటిగా వెళ్లింది. 13-10. ఆపైన వాళ్లు మైదానం మధ్యలో తమ జెండా పాతబోతే తోపులాట, పోలీసులు మిరియాల స్ప్రే కొట్టడం! రెండు కాలేజీలకీ లక్షేసి డాలర్ల జరిమానా పడింది.

నలుగురికీ నాలుగేళ్లూ అయిపోయాయి. ఇక బంగారు లాగు వచ్చే దారే లేదు. మా అమ్మాయి ఆ రాత్రి అన్నం తినలేదు. నేనూ బలవంతం చెయ్యలేదు.

గెలిపించినా తిట్లే

అసలు చెప్పాల్సింది ఆ తర్వాతి మూడు వారాల గురించి. కోచ్ రయన్ డే అప్పటికి 76 ఆటల్లో 66 గెలిపించిన మనిషి. మిషిగన్ మీద మాత్రం అయిదింట ఒక్కటే. ఆయన్ని తక్షణం పంపించెయ్యాలని ఊరంతా గోల. కిరాణా కొట్టు వరసలో, గుడి మెట్ల దగ్గర, పిల్లల్ని డాన్సు క్లాసుకి దింపే చోట అదే మాట. అంతవరకూ సరే, అభిమాని నోరు ఊరుకోదు. కానీ ఇంటికి బెదిరింపులు రావడమేమిటి? ఆ సంగతి ఆ కుటుంబమే బయటికి చెప్పుకుంది. ముగ్గురు పిల్లలున్న ఇల్లది. డేకి తొమ్మిదేళ్లప్పుడు వాళ్ల నాన్న ఆత్మహత్య చేసుకున్నాడు. అది దాచుకోకుండా నలుగురిలో చెప్పి, పిల్లల మానసిక ఆరోగ్యం కోసం ఇక్కడి పిల్లల ఆసుపత్రిలో భార్యాభర్తలిద్దరూ ఒక నిధి పెట్టారు. అలాంటివాళ్ల గుమ్మం ముందుకెళ్లి ఆటలో ఓడినందుకు శాపనార్థాలా!

‘కోట్లు పుచ్చుకుంటున్నాడు, తిడితే పడాలి’ అన్నారు మావారు. 2021 నుంచి కాలేజీ కుర్రాళ్లకి కూడా ప్రకటనల వంకన డబ్బులొస్తున్నాయి గదా, వాళ్లనీ తిట్టచ్చంటారు. జీతంలో తిట్లు కూడా కలిసే ఉంటాయన్న ఈ లెక్క నాకు మింగుడుపడదు. కాలేజీ పిల్లాడు వాడు! గురి తప్పి తన్నినందుకు వాళ్లమ్మ ఫోన్లో ఏమేం చదువుకోవాలో ఆలోచించేవాళ్లే లేరు.

పాత పద్ధతిలో అయితే సీజన్ అక్కడితో సరి. ఇంతకుముందు చివరి పోటీలకి నాలుగు జట్లనే పిలిచేవారు. 2024లోనే మొదటిసారి పన్నెండు చేశారు. మన జట్టుకి ఎనిమిదో స్థానం దొరికింది. డిసెంబరు 21 రాత్రి టెనెసీతో ఆట కొలంబస్‌లోనే. అలిగిన అభిమానులు టికెట్లు అమ్మేసుకుంటే టెనెసీవాళ్లు కొనుక్కొచ్చారు. స్టేడియంలో ఎక్కడ చూసినా నారింజరంగు చొక్కాలు! మా అమ్మాయి మాత్రం రెండు జతల మేజోళ్లు, కోటు లోపల నా ఉన్ని శాలువా వేసుకుని వెళ్లింది. 42-17తో గెలిచారు. అమ్ముకున్నవాళ్లకి తగిన శాస్తి.

జనవరి 1న పాసడీనాలో, అంతవరకూ ఓటమెరుగని ఆరెగన్ మీద సగం ఆట కాకుండానే 34-0. చివరికి 41-21. జనవరి 10 ముక్కోటి ఏకాదశి. ఉపవాసంతో టీవీ ముందు కూర్చున్నాను. టెక్సస్‌ ఏడు పాయింట్లు వెనకబడి ఉంది. గీతకి గజం దూరంలోకి వచ్చేసింది. ఇక సమానమైపోతుందనుకుంటుంటే వెనక్కి నెట్టారు. నాలుగో ప్రయత్నంలో సాయర్ దూసుకెళ్లి టెక్సస్ క్వార్టర్‌బ్యాక్ చేతిలో బంతి ఊడగొట్టాడు. అది ఎగిరి తన చేతుల్లోనే పడింది. 83 గజాలు పరిగెత్తాడండీ, అంత భారీ మనిషి! ఆ టెక్సస్ అబ్బాయి ఎవరనుకున్నారు? 2021లో ఇక్కడ సాయర్‌తో ఒకే గదిలో ఉన్న క్విన్ యూవర్స్.

జనవరి 20న అట్లాంటాలో ఆఖరి ఆట నోటర్ డేమ్‌తో. 31-7తో హాయిగా ఉన్నది కాస్తా 31-23 దాకా వచ్చి ప్రాణం తోడేసింది. అప్పుడు హోవర్డ్ 56 గజాల బంతి విసిరాడు. స్మిత్ పట్టాడు. చివర్న గుంజల మధ్యకి తన్నాల్సివచ్చింది. తన్నాల్సింది ఎవరు? మిషిగన్ రోజున రెండు తప్పిన ఆ ఫీల్డింగే! నేను కళ్లు మూసుకున్నాను. మావారి అరుపుతో తెలిసింది, సూటిగా వెళ్లిందని. 34-23. పదేళ్ల తర్వాత జాతీయ చాంపియన్లు.

మర్నాటినుంచీ డే దేవుడైపోయాడు. డిసెంబరులో తిట్టినవాళ్లే మిఠాయిలు పంచారు. ‘చూశావా, మేం తిట్టబట్టే గెలిచాడు’ అని పక్కింటాయన! ఇలాంటి మాటలకి నా దగ్గర జవాబు లేదు, ఓ లడ్డూ తీసుకుని లోపలికొచ్చేశాను.

మా ఇంట్లో మాత్రం వాదన చాలాకాలం సాగింది. కప్పు కంటే ఏం కావాలంటారు మావారు. ‘కప్పు సరే, లాగేదీ?’ అంటుంది అమ్మాయి. నన్నడిగితే ఆ నలుగురూ ఆగింది లాగు కోసం, వచ్చింది కప్పు. అది పెద్దదే, కానీ అడిగింది అది కాదు.

2025 నవంబరు 29న యాన్ ఆర్బర్‌లో ఒహాయో స్టేట్ మిషిగన్‌ని 27-9తో ఓడించింది. ఫీల్డింగ్ జట్టులోనే ఉన్నాడు, స్మిత్ ఉన్నాడు. సాయర్, హెండర్సన్, ఎగ్‌బుకా, టుయిమొలోవావ్ అప్పటికే తలో ఎన్.ఎఫ్.ఎల్. జట్టులో ఆడుకుంటున్నారు. మా అమ్మాయీ షికాగోలో ఉద్యోగంలో చేరిపోయింది. ఆట అయిన నిమిషానికి ఫోన్. ‘‘నన్నొక్క ఏడాది ఆలస్యంగా కని ఉంటే ఏం పోయేదమ్మా?’’ అంది. ‘‘మీ నాన్నగారినడుగు’’ అని ఫోన్ ఆయన చేతిలో పెట్టేశాను.