గీత కాపాడుతుందా, గట్టు కాపాడుతుందా?

పట్టణానికి వెళ్లినప్పుడు మీలో కొందరు చూసే ఉంటారు. పెద్ద రోడ్డుకు ఎడమ అంచున ఆకుపచ్చ రంగు పట్టీ, దానిలో అక్కడక్కడ తెల్లరంగుతో వేసిన సైకిలు బొమ్మ. ఇది సైకిలు తొక్కేవారి నిమిత్తం కేటాయించిన దారి అని దాని భావం. తెల్లవారుజామున ఆ దారిలో సైకిళ్లే కనబడతాయి. పది గంటలు దాటిన పిమ్మట ఆటోలు, పానీపూరీ బండ్లు, దింపిన సిమెంటు బస్తాలు కనబడతాయి.

2020లో కేంద్ర ప్రభుత్వం సైకిలు దారుల విషయమై నగరాల మధ్య ఒక పోటీ పెట్టింది. వందకు పైగా నగరాలు పేర్లు ఇచ్చాయి. మరుసటి సంవత్సరం ఎంపికైన పదకొండు నగరాల్లో మన వరంగల్ కూడా ఒకటి. సంతోషించదగిన మాటే.

పల్లెటూరి కుటుంబాలకు దీనితో ఏమి పని అని మీరు అడగవచ్చు. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో నూటికి దాదాపు నలభై అయిదు కుటుంబాలకు సైకిలు ఉన్నది. ఊళ్లో సైకిలు తొక్కిన పిల్లవాడే పట్టణంలో తాపీ పనికి, వాచ్‌మన్ పనికి, పేపర్లు వేయడానికి వెళ్లి అక్కడ కూడా సైకిలే తొక్కుతాడు. ప్రభుత్వమిచ్చిన సైకిలు మీద హైస్కూలుకు వెళ్లిన మన ఆడపిల్లలు కాలేజీ చదువుకు పట్టణం చేరి, హాస్టలు నుండి కాలేజీకి బస్సు ఛార్జీ మిగుల్చుకోవాలని ఆశిస్తారు. 2022లో మన దేశపు రోడ్ల మీద 1,68,491 మంది చనిపోయారని ప్రభుత్వ లెక్క. వారిలో నాలుగు వేల మందికి పైగా సైకిలు మీద వెళ్తున్నవారు. గనుక ఆకుపచ్చ పట్టీ లోపల వెళ్తే మన బిడ్డ క్షేమంగా చేరతాడా అన్నది పట్టణపు వారి ప్రశ్న మాత్రమే కాదు.

తల్లిదండ్రులు రోడ్డు మీదికి వచ్చిన దేశం

సైకిళ్ల దేశం అంటే అందరూ నెదర్లాండ్స్ అంటారు. మనం హాలండ్ అని పిలిచే దేశమే. అక్కడ సైకిళ్ల సంఖ్య జనాభా కంటే ఎక్కువ. వారు పుట్టుకతోనే అట్టివారని, వారి వీధులు ఎప్పుడూ అలాగే ఉండేవని అనుకుంటే పొరపాటు. రెండవ ప్రపంచ యుద్ధం తర్వాత చేతిలో డబ్బు ఆడిన కొద్దీ ఆ ప్రజలూ కార్లు కొన్నారు. కార్ల కోసం వీధులు వెడల్పు చేశారు, ఉన్న సైకిలు దారులు కొన్నిచోట్ల తీసివేశారు. 1971వ సంవత్సరంలో ఆ చిన్న దేశంలో రోడ్ల మీద దాదాపు 3,300 మంది చనిపోయారు. వారిలో నాలుగు వందల మందికి పైగా పిల్లలు.

విక్ లాంగెన్‌హాఫ్ అనే పత్రికా రచయిత కుమార్తె కూడా అలాగే రోడ్డు మీద చనిపోయింది. 1972లో ఆయన ‘డె టైడ్’ అనే పత్రికలో ఒక వ్యాసం వ్రాశాడు. పిల్లల హత్యను ఆపండి అని దాని శీర్షికకు అర్థం. అక్కడ వాడిన మాట ‘కిండర్‌మోర్డ్’. బేత్లెహేములో హేరోదు చంపించిన పసిపిల్లల వృత్తాంతానికి డచ్చి భాషలో వాడే మాట కూడా అదే. ఆ మాట చదివిన తల్లిదండ్రులకు వేరే వివరణ అక్కరలేకపోయింది. ఆ పేరుతోనే ఒక ఉద్యమం లేచింది. తల్లులు, తండ్రులు పిల్లలను వెంటబెట్టుకొని ప్రమాదాలు జరిగే వీధుల్లో బైఠాయించారు. కార్లను ఆపి ఆ వీధిలో పిల్లలను ఆడనిచ్చారు. 1973లో పెట్రోలు కరువు వచ్చి, ఆదివారాలు కార్లు తీయకూడదని ప్రభుత్వమే ఆజ్ఞ ఇవ్వగా, కార్లు లేని వీధి ఎలా ఉంటుందో అందరూ కళ్లారా చూశారు.

తర్వాత ప్రభుత్వం డబ్బిచ్చి ది హేగ్, టిల్బర్గ్ పట్టణాల్లో మంచి సైకిలు దారులు ఒక్కొక్కటి వేయించి చూసింది. ఇక్కడ గమనించవలసిన సంగతి ఒకటి ఉన్నది. పాతవారు తమ సైకిళ్లను ఆ కొత్త దారికి మళ్లించుకున్నారే గాని, కొత్తగా సైకిలు ఎక్కినవారు పెద్దగా లేరు. ఇంటి నుండి ఆ దారి వరకు, ఆ దారి నుండి బడి వరకు పాత భయమే ఉన్నప్పుడు మధ్యలో రెండు మైళ్లు బాగుంటే ఏమి ప్రయోజనం? డెల్ఫ్ట్ పట్టణంలో ఊరంతా కలిసేలా దారులు అల్లినప్పుడే సైకిలు వాడకం పెరిగింది. నేడు ఆ దేశంలో దాదాపు 35,000 కిలోమీటర్ల సైకిలు దారులు ఉన్నాయి.

గీత చేసే పని

ఇప్పుడు ఉత్త రంగు గీత సంగతి చూద్దాము. ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ నగరంలో మొనాష్ విశ్వవిద్యాలయం వారు అరవై మంది సైకిళ్లకు కొలత పరికరాలు అమర్చి, ప్రక్కనుండి దాటిపోయే బండ్లు ఎంత దూరంలో పోతున్నవో కొలిచారు. పద్దెనిమిది వేలకు పైగా కొలతలు వచ్చాయి. 2019లో ఫలితం ప్రకటించారు. గీత లేని రోడ్డు మీదకంటే, గీత గీసిన రోడ్డు మీద బండ్లు సగటున 27 సెంటీమీటర్లు దగ్గరగా పోయాయి! జానెడుకు మించి దగ్గరగా అన్నమాట. గీతకు ఎడమ ప్రక్క కార్లు నిలిపి ఉన్నచోట 40 సెంటీమీటర్లు దగ్గరగా పోయాయి.

ఇదెలా అని ఆశ్చర్యపడకండి. గీత లేనప్పుడు డ్రైవరు సైకిలును చూస్తాడు, కొంచెం ప్రక్కకు తీసి దాటుతాడు. గీత ఉన్నప్పుడు గీతను చూస్తాడు. నా చక్రం గీత దాటలేదు గదా, నా తప్పేమున్నది అనుకుంటాడు. రెండు పొలాల మధ్య గట్టు తీసివేసి సున్నం గీత గీస్తే అవతలి గేదె ఆగుతుందా?

మన హైవేల మీద కూడా ఇదే సంగతి. నాలుగు వరుసల రోడ్డు ఊరి ప్రక్కగా పోయినచోట, అంచున ఉన్న తెల్లగీతకు ఇవతల మార్జిన్‌లోనే మనవారు సైకిలు తొక్కుతారు. సాయంత్రం అదే మార్జిన్‌లో లారీ ఆపి, వెనక దీపం లేకుండా నిద్రపోయే డ్రైవర్లున్నారు. ఎదురు దిశలో వచ్చే మోటారు సైకిళ్లూ దానిలోనే. దానిని ఎవరూ సైకిలు దారి అని పిలవరు గాని, మన జిల్లాల్లో ఉన్న సైకిలు దారి నిజానికి అదే.

గీత ప్రక్కన ఉండే ఇంకొక ప్రమాదం కారు తలుపు. నిలిపి ఉన్న కారులోనుండి డ్రైవరు వెనక చూడకుండా తలుపు నెడతాడు. సైకిలు మనిషి దానికి కొట్టుకొని రోడ్డు మధ్యకు పడతాడు, వెనక వచ్చే బస్సు అతని మీదికి ఎక్కుతుంది. నెదర్లాండ్స్‌లో ఇందుకు ఒక అలవాటు ఉన్నది. తలుపు వైపు ఉన్న చేతితో కాక, అవతలి చేతితో తలుపు తీయటం. అలా చేస్తే మనిషి నడుము తిరిగి, కన్ను తప్పనిసరిగా వెనక రోడ్డును చూస్తుంది. 2022 జనవరిలో ఇంగ్లాండు వారు కూడా దీనిని తమ రోడ్డు నియమావళిలో చేర్చుకున్నారు. మన దేశంలో డ్రైవరు కుడివైపు కూర్చుంటాడు గనుక ఎడమ చేతితో తీయాలి. ఎడమ చెయ్యి అంటే మనవారికి పట్టింపులు ఉన్నాయి, అయినా ఈ ఒక్క పనికి ఆ పట్టింపు మానుకోవచ్చు.

గట్టు చేసే పని

కెనడా దేశంలోని వాంకూవర్, టొరంటో నగరాల్లో సైకిలు మీద నుండి పడి ఆసుపత్రికి వచ్చిన 690 మందిని విచారించి, వారు ఎక్కడ, ఎలాంటి రోడ్డు మీద దెబ్బతిన్నారో పరిశీలించారు. ప్రక్కన కార్లు నిలిపి, సైకిళ్లకు ఏ ఏర్పాటూ లేని పెద్ద రోడ్డుతో పోలిస్తే, గట్టుతో వేరుచేసిన సైకిలు దారి మీద ప్రమాదం తొమ్మిదో వంతు మాత్రమేనని 2012లో ప్రకటించారు. గట్టు అంటే పెద్ద గోడ కాదు. మోకాలి ఎత్తుకంటే తక్కువ సిమెంటు దిమ్మె, మొక్కల తొట్లు, లేదా కోపెన్‌హాగెన్‌లో వలె రోడ్డు కంటే కొంచెం ఎత్తుగా, కాలిబాట కంటే కొంచెం పల్లంగా కట్టిన దారి. ఆటో దాని మీదికి ఎక్కాలంటే కుదుపు తగులుతుంది. ఆ కుదుపే కాపలా.

గట్టు కూడా అన్నిచోట్లా కాపాడదు. గట్టు ఆగిపోయే చోటు కూడలి. నేరుగా పోవలసిన సైకిలు ఎడమ అంచున ఉంటుంది, దాని కుడిప్రక్కనున్న బస్సు ఎడమకు తిరుగుతుంది. సైకిలు మనిషికి తప్పుకునే చోటు ఉండదు. అనేక దేశాల్లో అత్యధిక ప్రమాదాలు ఇక్కడే. డచ్చి ఇంజినీర్లు దీనికి చేసిన ఏర్పాటు చూడముచ్చటగా ఉంటుంది. కూడలి మూలలో చిన్న దీవి వంటి దిమ్మె కట్టి, తిరిగే కారు దానిని చుట్టి నెమ్మదిగా రావలసినట్లు చేశారు. అందువలన కారు సైకిలు దారిని అడ్డంగా దాటేటప్పుడు సైకిలు మనిషి డ్రైవరు కళ్లకు ఎదురుగా ఉంటాడు, భుజం వెనక కాదు. సైకిళ్లు ఆగే గీత కార్ల గీత కంటే ముందు ఉంటుంది. పెద్ద కూడళ్లలో సైకిళ్లకు వేరే సిగ్నలు కూడా పెడతారు.

అన్ని వీధుల్లో గట్టు కట్టే చోటు ఉండదు. అటువంటి చోట కార్ల వేగమే తగ్గించాలి. గంటకు 30 కిలోమీటర్ల వేగంతో తగిలిన దెబ్బకు, 50 కిలోమీటర్ల వేగంతో తగిలిన దెబ్బకు చావు బ్రతుకుల తేడా ఉన్నది. 2023 డిసెంబరులో ఆమ్‌స్టర్‌డామ్ నగరం తన వీధుల్లో అత్యధిక భాగానికి 30 కిలోమీటర్ల హద్దు పెట్టింది.

ఎవరి కోసం కట్టాలి?

అమెరికాలోని పోర్ట్‌లాండ్ నగరపాలక సంస్థలో సైకిళ్ల వ్యవహారం చూసిన రోజర్ గెల్లర్ అనే అధికారి సుమారు ఇరవై ఏళ్ల క్రితం తన నగర ప్రజలను నాలుగు వర్గాలుగా లెక్కించాడు. ఏ రోడ్డు మీదనైనా తొక్కే ధైర్యశాలులు నూటికి ఒకరు కూడా లేరు. గీత ఉంటే చాలు అనేవారు ఏడుగురు. ఎన్ని చేసినా ఎక్కనివారు ముప్పై ముగ్గురు. మిగిలిన అరవై మంది ఇష్టం ఉండి, భయం వలన మానుకున్నవారు. రంగు గీత ఆ ఏడుగురికి సరిపోతుంది. బడిపిల్ల, ముసలమ్మ, బిడ్డను ముందు కూర్చోబెట్టుకున్న తండ్రి ఆ అరవైలోనే ఉంటారు. మన దేశంలో వేరే బండి కొనలేక, భయపడుతూనే తొక్కేవారు మరొక వర్గం. వారిని ఏ లెక్కలోనూ ప్రత్యేకంగా చూపరు.

ఎండలో ఎవరు తొక్కుతారు అనే మాట మన అధికారుల నోట తరచుగా వస్తుంది. స్పెయిన్ దేశంలోని సెవిల్ నగరంలో వేసవి ఎండ నలభై డిగ్రీలు దాటుతుంది. అక్కడ 2006, 2010ల మధ్య దాదాపు 120 కిలోమీటర్ల గట్టు దారులు, ఒకదానికొకటి కలిసేలా, త్వర త్వరగా కట్టారు. రోజుకు ఆరు వేలుగా ఉన్న సైకిలు ప్రయాణాలు సుమారు డెబ్భై వేలకు పెరిగాయి. ఎండ తగ్గలేదు, భయం తగ్గింది. నీడ ఉంటే మరీ మంచిది. సైకిలు దారికి రెండు వేపచెట్లు అలంకారం కాదు, అవసరం.

మన హైదరాబాదులో 2023 అక్టోబరులో ఔటర్ రింగ్ రోడ్డు ప్రక్కన 23 కిలోమీటర్ల సైకిలు దారిని ప్రారంభించారు. పైన సౌర పలకల కప్పు, నాలుగున్నర మీటర్ల వెడల్పు. నీడకు నీడ, కరెంటుకు కరెంటు. ఆలోచన మెచ్చదగినది. అయితే అది నగరానికి అంచున, ముఖ్యంగా వ్యాయామానికి వచ్చేవారికి పనికివచ్చే దారి. కూకట్‌పల్లిలో గది తీసుకుని అమీర్‌పేటలో పనిచేసే కుర్రవాడి మార్గంలో అది లేదు.

సౌకర్యం అంటే చిన్న చిన్న సంగతులు కూడా. కాలిబాట ఇటుకలు పరచిన దారి మీద పాల క్యాన్లతో వెళ్లేవాని నడుము విరుగుతుంది, నున్నని తారు దారి కావాలి. మురుగు కాలువ మీది ఇనుప ఊచలు రోడ్డు పొడవునే ఉంటే ముందు చక్రం వాటిలో దిగబడుతుంది, అడ్డంగా ఉంటే దిగబడదు. మీ వార్డు కౌన్సిలరు సైకిలు దారి వేయిస్తామన్నప్పుడు రంగు ఖర్చు ఎంతని కాక, గట్టు ఎక్కడ, ఊచలు ఎటు, కూడలిలో ఏమి చేస్తారు అని అడగండి.

అంతవరకు పట్టణం వెళ్లే పిల్లలకు చెప్పి పంపవలసినవి ఉన్నాయి. ఆగి ఉన్న కార్లకు తలుపు వెడల్పంత ఎడంగా తొక్కమనండి, గీత ఆ ఎడం లోపల ఉన్నా సరే. డైనమో దీపాలు పోయి చాలా కాలమైంది గనుక వెనక మడ్‌గార్డుకు ఎర్ర రిఫ్లెక్టరు, వీలైతే బ్యాటరీ దీపం బిగించి పంపండి. సిగ్నలు దగ్గర ఎడమకు తిరగబోయే లారీ ఉంటే, సందు కనబడినా దాని ప్రక్కకు దూరవద్దని, వెనకనే ఆగమని చెప్పండి. క్లీనరు ఆ వైపు కూర్చుని ఉన్నా, చక్రం ప్రక్కనున్న సైకిలు అతనికి కనబడకపోవచ్చు.