అభిషిక్తుణ్ణి లెక్క అడగొచ్చా?

అపోహ: దైవజనుణ్ణి ప్రశ్నిస్తే శాపం తగులుతుంది.

మన సంఘాల్లో ఇంత లోతుగా పాతుకుపోయిన అపోహ మరొకటి లేదు. కానుకల లెక్క చెప్పమని ఎవరైనా అడిగితే చాలు, 105వ కీర్తన తెరిచి, దేవుడు అభిషేకించినవాళ్లను ముట్టకూడదన్న మాట చూపిస్తారు. ఆ కీర్తనను దయచేసి మొదటినుంచి చదవండి. అక్కడ చెప్పింది అబ్రాహాము, ఇస్సాకు, యాకోబుల గురించి. గుప్పెడు మంది, సొంత నేల లేనివాళ్లు, రాజ్యం నుంచి రాజ్యానికి తిరిగిన పరదేశులు. వాళ్ల జోలికి వెళ్లొద్దని దేవుడు గద్దించింది రాజులను. బలవంతుల చేతి నుంచి దిక్కులేనివాళ్లను కాపాడిన మాట అది. మైకు పట్టుకున్న నాలాంటివాడు దాన్ని చాప మీద కూర్చున్న విధవరాలి నోరు మూయించడానికి వాడితే, వాక్యాన్ని తలకిందులు చేసినట్టే.

పేతురుకు మించిన అభిషిక్తులమా మనం? అన్యజనులతో కలిసి తింటూ వచ్చిన పేతురు, యెరూషలేము నుంచి కొందరు రాగానే వెనక్కి తగ్గాడు. పౌలు అంతియొకయలో అందరి ముందే నిలదీశాడు. గొడవ వచ్చింది భోజనం బంతి దగ్గర. ఎవరి పక్కన ఎవరు కూర్చుని తినాలన్న లెక్కలు ఇంకా పూర్తిగా చావని మన ఊళ్లలో ఈ సంగతి ఎన్నిసార్లు బోధించినా తక్కువే.

డబ్బు విషయానికొస్తే పౌలు ఇంకా జాగ్రత్తపడ్డాడు. యెరూషలేము పేదల కోసం పోగైన చందా ఒక్కడే మోసుకెళ్లలేదు. సంఘాలు ఎంచుకున్న మనుషులను వెంటబెట్టుకున్నాడు. ఎవరూ వేలెత్తి చూపకూడదనే అలా చేశానని కొరింథీయులకు రాసిన రెండో పత్రికలో చెప్పాడు. కాబట్టి రసీదు పుస్తకం, ఏటా సంఘం ముందు చదివే జమాఖర్చు, పాస్టరు బంధువు కాని కోశాధికారి – వీటిని అవిశ్వాసమని కొట్టిపారేయడం తప్పు. పరిచర్యలో ఇవి కూడా భాగమే.

అపోహ: విశ్వాసం గట్టిదైతే మందులతో పనిలేదు.

ఈ మాట ప్రాణాలు తీస్తుంది. ఫిట్స్ మాత్రలో, టీబీ మందులో మధ్యలో ఆపేసి ప్రార్థనకు వచ్చేవాళ్లను నేను చూస్తూనే ఉంటాను. ముందు మాత్ర వేసుకోమంటాను, తర్వాతే ప్రార్థన. తిమోతికి తరచూ వచ్చే కడుపు బాధకు పౌలు చెప్పింది కొంచెం ద్రాక్షారసం తాగమని. ఆ కాలానికి అదే మందు. త్రోఫిమును జబ్బుతో ఉండగానే మిలేతులో విడిచి వచ్చాడు. అతనికి విశ్వాసం తక్కువైందని ఎక్కడా అనలేదు. పౌలు వెంట ఉన్న లూకా వైద్యుడు కూడాను.

అపోహ: సంఘం ఎదగాలంటే గొప్ప నాయకుడు ఒక్కడు చాలు.

ఒంగోలు చరిత్ర చెప్పగానే అందరికీ గుర్తొచ్చే పేరు మిషనరీ జాన్ క్లౌ. 1876–78 కరువులో ఆయన బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి చూపించారు. తిండి కోసం మతంలో చేరారన్న మాట రాకూడదని, ఆ కరువు రోజుల్లో బాప్తిస్మాలు ఆపేశారు. ఆ నిగ్రహం నాయకులందరూ నేర్చుకోవలసింది. తర్వాత 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ నీళ్లలో ఇద్దరిద్దరుగా వంతులు వేసుకుని నిలబడింది మాత్రం ఆరుగురు బోధకులు. అంతకు చాలా ముందే, తోళ్ల వ్యాపారం చేసే ఎర్రగుంట్ల పేరయ్య తలకొండపాడు చుట్టుపక్కల తనవాళ్ల మధ్య తిరిగి ఆ సువార్త చెప్పాడు. క్లౌ దొరగారి పేరు తెలిసిన మనవాళ్లలో పేరయ్య పేరు ఎందరికి తెలుసు? పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒక్కడే తీర్పులు చెబుతున్న మోషేతో, ఇలాగైతే నువ్వూ నలిగిపోతావు, జనమూ నలిగిపోతారని మామ యిత్రో హెచ్చరించాడు. మన పాస్టర్లు సెలవు తీసుకోవడానికి భయపడుతున్నారంటే, పని పంచుకునేవాళ్లను తయారుచేయలేదన్నమాట.

అపోహ: సందేహం వచ్చిందంటే ఆత్మీయంగా పడిపోయినట్టే.

కీర్తనల్లో ఎంతో భాగం దేవుణ్ణి ఎందుకు, ఎంతకాలం అని అడిగే మొరలే. గాయాలు చూస్తే తప్ప నమ్మనన్న తోమాను తోటి శిష్యులు వెలివేయలేదు. ఎనిమిది రోజుల తర్వాత ప్రభువు వచ్చినప్పుడు అతను వాళ్ల మధ్యే ఉన్నాడు. ప్రశ్నలు అడిగే కుర్రాణ్ణి యూత్ మీటింగ్‌కు రావద్దంటే, ఆ ఎనిమిదో రోజు దాకా అతను మన మధ్య ఎలా ఉంటాడు?