గ్యాస్ కరిగేదాకా విమానం ఎక్కొద్దు

మాది కవిటి పక్క పల్లె. ఉద్దానంలో గల్ఫ్‌కి మనిషిని పంపని వీధి అరుదు. నేను సౌదీలో, జుబైల్‌లో పైప్ ఫిట్టర్‌ని. చిన్నప్పటినుంచీ మైనస్ పవర్ ఎక్కువ, సోడాబుడ్డి కళ్లద్దాలు.

ఒకరోజు కుడికంట్లో నల్లటి నలుసులు ఈదడం మొదలెట్టాయి. కన్ను మూసినా ఓరన మెరుపులు. నొప్పి లేదు, ఎరుపు లేదు. మర్నాటికి ఓ పక్కనుంచి చీకటి తెర అడ్డం వచ్చింది.

కంటి లోపలి గోడకి అంటుకుని ఉండే పలుచటి పొర రెటీనా. కంటిని నింపి ఉండే జిగురు పదార్థం వయసుతో పలచబడి, కుంచించుకుని, ఆ పొరని లాగుతుంది. ఎక్కడైనా చిరిగితే, అందులోంచి నీరు వెనక్కి చేరి పొరని గోడనుంచి ఊడదీస్తుంది. మైనస్ పవర్ ఎక్కువున్నవాళ్లకి, కంటికి దెబ్బ తగిలినవాళ్లకి, శుక్లం ఆపరేషన్ అయినవాళ్లకి ఈ ముప్పు ఎక్కువ. చిరుగు దగ్గరే పట్టుకుంటే లేజర్‌తో చుట్టూ అతికిస్తారు. పొర ఊడిపోయాక మామూలుగా ఆపరేషనే.

ఆసుపత్రిలో నా రెటీనా ఊడుతోందని తేల్చారు. రూములోవాళ్లంతా ఇంటికెళ్లి ఆపరేషన్ చేయించుకోమన్నారు. నాకూ మనసు అటే లాగింది. పరాయిచోట, మాట తెలియనిచోట కన్ను కోయించుకోవడమంటే కాళ్లలో వణుకు. ఆసుపత్రిలో మలయాళీ నర్సు హిందీలో విడమర్చి చెప్పింది: చూపుకి నడిబొడ్డు, అంటే అక్షరాన్నీ ముఖాన్నీ పోల్చుకునే మాక్యులా, ఇంకా ఊడలేదు. అదీ ఊడితే ఆపరేషన్ బాగా జరిగినా మునుపటి చూపు పూర్తిగా రాకపోవచ్చు. దమ్మాం నుంచి విశాఖకి విమానాలు మారుతూ రావాలి. ఫోన్లో మా ఆవిడ ఒక్కమాటే అంది: “అక్కడే సేయించీసుకోండి. ఇల్లెక్కడికీ పారిపోదు.”

సంతకం పెట్టాను. జిగురు తీసేసి, చిరుగు చుట్టూ లేజర్ చేసి, పొర గోడకి అంటుకుని ఉండేలా కన్ను గ్యాస్‌తో నింపారు.

వలస వెళ్లే ప్రతివాడికీ నేను చెప్పాలనుకునేది ఈ గ్యాస్ గురించే. విమానం పైకి లేచాక లోపలి గాలి ఒత్తిడి ఆరేడు వేల అడుగుల కొండమీద ఉన్నంతకి పడిపోతుంది. కంట్లో గ్యాస్ ఉబ్బుతుంది. కంటి ఒత్తిడి పెరిగి, రక్తం అందక చూపు శాశ్వతంగా పోవచ్చు. ఎస్ఎఫ్6 అనే గ్యాస్ కరగడానికి సుమారు 2 వారాలు, సీ3ఎఫ్8 అయితే 2 నెలల దాకా పడుతుంది. ఈలోగా ఇంట్లో చావొచ్చినా పెళ్లొచ్చినా విమానం లేదు. అరకు, పాడేరు ఘాటీలు కూడా డాక్టరు సరేనంటేనే ఎక్కాలి. వేరే జబ్బుకి మత్తు ఇవ్వాల్సొస్తే కంట్లో గ్యాస్ ఉందని ముందే చెప్పాలి. నైట్రస్ ఆక్సైడ్ ఇస్తే ఆ గ్యాస్ ఉబ్బుతుంది.

గ్యాస్ బదులు సిలికాన్ నూనె నింపితే, అది ఉబ్బదు కాబట్టి విమానం ఎక్కొచ్చు. కానీ దాన్ని తీయడానికి మామూలుగా మరో ఆపరేషన్ కావాలి. ఏది నింపాలన్నది చిరుగుని బట్టి డాక్టరు తేలుస్తారు. అయినా “నేను ఇంటికి ఎప్పుడెళ్లగలను?” అన్న ప్రశ్న ఆపరేషన్ బల్ల ఎక్కకముందే అడగాలి. నూనె సంగతి నాకు ఆ ప్రశ్నవల్లే తెలిసింది.

తర్వాత రోజులన్నీ క్యాంపు మంచంమీద బోర్లా, తల దించుకునే. సోంపేట తమ్ముడొకడు గంజి కాచి ఇచ్చేవాడు, వేళకి చుక్కలు వేసేవాడు. వాడి రుణం తీర్చుకోలేను. గ్యాస్ తగ్గేకొద్దీ చూపు పైనుంచి తేటపడింది. తల ఎటు వంచినా ఆ అంచు మా నీటి లెవెల్ గొట్టంలో గీతలా అడ్డంగానే నిలిచేది. రోజురోజుకీ కిందికి దిగింది.

ఈ ఆపరేషన్ అయినవాళ్లలో చాలామందికి తర్వాత శుక్లం వస్తుంది. నాకూ వచ్చింది. అది మాత్రం విశాఖలోనే. అమెరికాలోని రోచెస్టర్ నుంచి తిరిగొచ్చిన డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు 1987లో హైదరాబాద్‌లో మొదలుపెట్టిన ఎల్వీ ప్రసాద్ నేత్ర సంస్థకి 2006 నుంచి విశాఖలోనూ ఆసుపత్రి ఉంది. చేతిలో డబ్బు లేనివాళ్లకి విశాఖలోనే శంకర్ ఫౌండేషన్ కంటి ఆసుపత్రి ఉంది. అరబ్ దేశపు కాగితాల్లో నింపిన గ్యాస్ పేరు, చేసిన తేదీ ఇంగ్లీషులో రాయించుకు రావడం నాకు ఎంతో పనికొచ్చింది.

ఉద్దానంలో కిడ్నీ జబ్బంటే పసిపిల్లాడికీ తెలుసు. రెటీనా గురించి మాత్రం ఎవరూ మాట్లాడరు. నన్ను గల్ఫ్ మెడికల్‌లో గోడమీది అక్షరాలు చదివించి పంపేశారు, చుక్కలు వేసి కంటి అడుగు చూడలేదు. అందుకే మా వీధిలో దళసరి కళ్లద్దాల కుర్రాడెవడు వీసా వచ్చిందన్నా, టికెట్ కొనకముందు రెటీనా చూపించమంటున్నాను. పరీక్ష అయ్యాక కొన్ని గంటలు చూపు మసగ్గా ఉంటుంది కాబట్టి బండి వాడి చేతికివ్వకుండా వెనక కూర్చోబెట్టి తీసుకొస్తాను.