రికార్డు తుడిచిన కొద్దీ దుమ్మెందుకు పడుతుంది?

ఎల్పీని మెత్తని గుడ్డతో శుభ్రంగా తుడిచి ప్లేయర్ మీద పెడతాం. ముల్లు ఆనగానే టప్, టప్ మని చప్పుళ్లు. పాటయ్యాక తీసి వెలుతురుకి వాల్చి చూస్తే, తుడవక ముందుకంటే ఎక్కువ నూగు అంటుకుని ఉంటుంది. మా ఇంట్లో చాలాకాలం గుడ్డలో లోపమనుకుని గుడ్డలు మారుస్తూ వచ్చాం. పొడిగుడ్డ ఏదైనా చేసే పని ఒకటేనని, రుద్ది స్థిర విద్యుత్తు పుట్టించడమేనని తర్వాత తెలిసింది.

ముందు ఆ చప్పుడు గీతదో, స్థిర విద్యుత్తుదో తేల్చుకోవాలి. నిమిషానికి 33⅓ చుట్లు తిరిగే ఎల్పీకి ఒక్కో చుట్టుకీ 1.8 సెకన్లు పడుతుంది. అడ్డంగా గీత పడి ఉంటే చప్పుడు సరిగ్గా ఆ లెక్కనే, తాళం వేసినట్టు వస్తుంది. మళ్లీ వేసినా అదే చోట వినిపిస్తుంది. స్థిర విద్యుత్తు చప్పుడుకి లయ ఉండదు, ఈసారి విన్నచోట మరోసారి వినపడకపోవచ్చు. గీతకి మందు లేదు గానీ దీనికుంది.

స్థిర విద్యుత్తు ఎందుకు పుడుతుంది? రెండు వేర్వేరు పదార్థాలు తాకి విడిపోతే ఒకదాని ఎలక్ట్రాన్లు కొన్ని రెండోదానికి చేరతాయి. ఎల్పీలో ఉండే పీవీసీకి, అంటే వినైల్‌కి, ఎలక్ట్రాన్లను లాక్కునే గుణం చాలా ఎక్కువ. పైగా అది ప్లాస్టిక్, దానిగుండా విద్యుత్తు పారదు. కాబట్టి పట్టిన విద్యుదావేశం పట్టినచోటే కూర్చుంటుంది. చిన్నప్పుడు తల దువ్విన దువ్వెనతో కాగితం ముక్కలు లేపేవాళ్లం కదా, ఇక్కడ కాగితం ముక్కల బదులు గదిలోని దుమ్ము లేచి వస్తుంది. పాత 78 స్పీడు లక్క రికార్డులకి ఈ బాధ తక్కువ. 1948లో కొలంబియా కంపెనీ అమెరికాలో ఎల్పీని తెచ్చాక, వినైల్‌తో పాటు ఇదీ ఇళ్లలోకి వచ్చింది.

ముల్లు రాపిడి వల్లే ఇదంతా అని చాలామంది అనుకుంటారు. ముల్లు గాడిని తాకే చోటు ఎంతో చిన్నది, దాని వాటా కొద్దిగానే ఉంటుంది. రికార్డును కాగితం కవరులోంచి బర్రున లాగినప్పుడూ, పొడిగుడ్డతో తుడిచినప్పుడూ, పాటయ్యాక మ్యాట్ మీదనుంచి ఎత్తినప్పుడూ అసలు ఆవేశం పుడుతుంది. ఎండిన రోజున రికార్డును ఎత్తి చూడండి. కింది ఫెల్ట్ మ్యాట్ కూడా దాన్ని అంటుకునే లేస్తుంది, ఒక క్షణం వేలాడి సగం ఊడి జారుతుంది. సన్నగా చిటపటమంటుంది, ముంజేతి వెంట్రుకలు నిక్కపొడుచుకుంటాయి. రికార్డు ప్లేయర్ లోహపు పళ్లేన్ని ఆనుకుని ఉన్నంతసేపూ ఆ ఆవేశం బలం బయటికి తెలియదు. దూరం జరిపే కొద్దీ వోల్టేజి పెరుగుతుంది. అందుకే ఎత్తిన ఆ క్షణంలోనే దుమ్ము ఎగబడుతుంది.

గాలి సంగతీ చూడాలి. తేమ ఉంటే ఆవేశం మెల్లగా జారిపోతుంది. విశాఖలో వానాకాలంలో అంతగా కనపడని ఈ బాధ, హైదరాబాద్ ఎండల్లో ముదురుతుంది. అమెరికాలో హీటర్లు నడిచే చలికాలపు ఇళ్లలోనూ అంతే. గదిలో తేమ 45, 50 శాతం దగ్గర ఉంటే సగం పని అయినట్టే.

మిగిలిన సగం మన చేతుల్లో ఉంది. నా మటుకు నేను మొదట మార్చమనేది ఫెల్ట్ మ్యాట్‌నే. దాని బదులు కార్క్‌దో తోలుదో వేయండి. కాగితం కవర్లు తీసేసి, యాంటీస్టాటిక్ అని అమ్మే పల్చటి లోపలి కవర్లు కొనండి. లాగేటప్పుడు కవరు నోరు కొంచెం విప్పి పట్టుకుంటే రాపిడి తగ్గుతుంది.

కార్బన్ ఫైబర్ బ్రష్ వాడేవాళ్లు ఒక చిన్న సంగతి మరిచిపోతారు. ఆ పోగులకి విద్యుత్తు పారే గుణం ఉంది, కానీ పారడానికి దారి కావాలి. వేళ్లు బ్రష్ లోహపు భాగానికి తగిలేలా పట్టుకుంటే ఆవేశం మన ఒంటిగుండా పోతుంది. తిరుగుతున్న రికార్డు మీద పోగుల కొసలు మాత్రమే ఆనించి, రెండు మూడు చుట్లయ్యాక మెల్లగా అంచు వైపు జరిపి తీసేయాలి. గట్టిగా నొక్కితే మళ్లీ రాపిడే. ప్లేయర్ ఎర్త్ వైరు ఆంప్లిఫయర్‌కి బిగించి ఉందో లేదో కూడా చూసుకోండి.

ట్రిగ్గరు నొక్కే యాంటీస్టాటిక్ గన్ దొరుకుతుంది. నొక్కేటప్పుడు ధన అయాన్లు, వదిలేటప్పుడు రుణ అయాన్లు వెదజల్లుతుంది. రెండూ నిదానంగా చేయాలి. క్లిక్ మని శబ్దం వచ్చిందంటే తొందరపడ్డట్టే.

మురికి బాగా పట్టిన రికార్డుకి తడి శుభ్రమే దారి. డిస్టిల్డ్ వాటర్‌తో కడగండి. కుళాయి నీళ్లయితే ఆరాక ఉప్పులు గాడిలో మిగులుతాయి. లక్క రికార్డుల మీద మాత్రం స్పిరిట్ చుక్క కూడా పడనీయకండి, లక్క అందులో కరిగిపోతుంది. కడిగి ఆరిన రికార్డును పాత కవరులో పెట్టకండి, పాత దుమ్మంతా అందులోనే ఉంటుంది. ప్లేయర్ పైని ప్లాస్టిక్ మూతనీ పొడిగుడ్డతో తుడవకండి. అదీ ఆవేశం పట్టే ప్లాస్టికే, పైగా పాట సాగినంతసేపూ రికార్డు మీదే ఉంటుంది.