గల్లాపెట్టె దగ్గర మొదలయ్యే తర్బియత్

సూర్యాపేట, జనగామలను కలిపే రహదారిపై ఉన్న తిరుమలగిరిలో కోతల కాలం వచ్చిందంటే మార్కెట్ యార్డు ధాన్యపు రాశులతో నిండిపోతుంది. మిర్యాలగూడ రైసు మిల్లుల పేరు తెలియని వారుండరు. చుట్టూ ఇంత వ్యాపారం సాగుతున్నా, మన ఇళ్లలో చదువు ముగించిన కుమారుడు “దుకాణం పెట్టుకుంటాను” అంటే పెద్దలు “ఏదైనా నౌకరీ చూసుకో, లేదా గల్ఫ్‌కు వెళ్లు” అంటారు. కుమార్తె అడిగితే ఆ మాత్రం సమాధానమైనా లభించదు.

వ్యాపారం రక్తంలో ఉండాలని కొందరి వాదన. స్వీడన్‌లో దత్తత వెళ్లిన పిల్లలపై జరిగి, 2015లో వెలువడిన ఒక పరిశోధన దీనికి భిన్నమైన విషయం చెప్పింది. తల్లిదండ్రులు సొంత వ్యాపారం చేసేవారైతే సంతానం అదే బాట పట్టే అవకాశం సుమారు 60 శాతం ఎక్కువ. అయితే ఇందులో కన్నవారి ప్రభావం కన్నా పెంచినవారి ప్రభావం దాదాపు రెట్టింపు. అంటే రక్తం కన్నా పెంపకానిదే పైచేయి.

మన చరిత్ర కూడా ఇదే చెబుతోంది. తల్లిదండ్రులను కోల్పోయిన దైవప్రవక్త (స) బాల్యంలోనే తండ్రి సోదరుడైన అబూ తాలిబ్ వెంట సిరియా వర్తక యాత్రకు వెళ్లారు. తరువాత హజ్రత్ ఖదీజా (రజి) సరుకును అదే దేశానికి తీసుకువెళ్లి నమ్మకస్తునిగా పేరొందారు. మదీనాకు వట్టి చేతులతో వలస వచ్చిన అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి), అన్సారీ సోదరుడు సగం ఆస్తి ఇస్తానన్నా తీసుకోక, బజారుకు దారి చూపమన్నారు. నెయ్యి, జున్ను అమ్మి నిలదొక్కుకున్నారు.

ఇంట్లో నేర్పవలసినది

మొదటిది లెక్క. పిల్లవానిని దుకాణంలో కేవలం బస్తాలు మోయడానికి వాడుకుని, ఖాతా పుస్తకం చూపని తండ్రి కుమారునికి చాకిరీ నేర్పుతున్నాడే తప్ప వ్యాపారం కాదు. రెండవది నిజాయితీ. కూఫాలో పట్టువస్త్రాల వర్తకుడైన ఇమామ్ అబూ హనీఫా, తన భాగస్వామి లోపం చెప్పకుండా గుడ్డ అమ్మాడని తెలిసి ఆ సొమ్మంతా దానం చేశారు. తండ్రి తూకంలో చేసే మోసాన్ని పిల్లలు చూస్తూనే ఉంటారు. మూడవది ఓర్పు. ఒకసారి నష్టపోయిన కుమారుణ్ణి బంధువుల ముందు ఎత్తిపొడిస్తే అతను మరో ప్రయత్నానికి సాహసించడు.

పెట్టుబడి ఎక్కడిది?

పెళ్లి విందులకు లక్షలు వెచ్చించే ఇంట్లోనే కుమారుని దుకాణానికి పైసా ఉండదు. అతను వడ్డీ వ్యాపారి గడప తొక్కుతాడు. షరీఅత్ ముదారబా మార్గం చూపింది. ఒకరిది సొమ్ము, మరొకరిది శ్రమ. లాభంలో వాటా ముందే నిర్ణయించుకోవాలి. శ్రమించినవాని అశ్రద్ధ లేకుండా వచ్చిన నష్టం సొమ్ము పెట్టినవాని మీదే పడుతుంది.

కుటుంబంలో ఇచ్చేటప్పుడు అది అప్పా, కానుకా, భాగస్వామ్యమా అన్నది కాగితంపై రాసుకోవాలి. రుణాన్ని రాసి ఉంచమని దివ్య ఖుర్ఆన్ బఖరా సూరా 282వ ఆయత్‌లో ఆదేశించింది. కానుకే అయితే మిగతా సంతానాన్ని, కుమార్తెలను మరువరాదు. ఒక్క కుమారునికే కానుక ఇచ్చిన హజ్రత్ నోమాన్ బిన్ బషీర్ (రజి) తండ్రికి సాక్షిగా ఉండడానికి ప్రవక్త (స) నిరాకరించారు. ఈ జాగ్రత్త లేకనే తండ్రి కన్నుమూసిన మరునాడే అన్నదమ్ముల మధ్య దుకాణం తగాదాగా మారుతుంది.

మన పిల్లల హలాల్ సంపాదనకు పునాది వేయవలసినది మనమే. ఈ నెల ఖర్చుల లెక్కను వారి చేత రాయించడంతోనే ఆ పని మొదలుపెడదాం.