కాల్చేది కట్టె కాదు, చేను బలం

సంక్రాంతి దాటిందంటే చిట్యాల మండలంలో ఏ ఊరి శివారుకు పోయినా పొగ కనిపిస్తుంది. పత్తి ఏరడం అయిపోయింది, కట్టె పీకి గెట్టు మీద కుప్పేశారు, అగ్గి పెట్టారు. "ఇంకేం జేస్తం, దుక్కి దున్నాలె గదా" అంటారు. మాట నిజమే. కానీ అదే రైతు వానాకాలంలో ఎరువు బస్తా కోసం దుకాణం ముందు నిలబడతాడు. 2025లో యూరియా కోసం లైన్లో చెప్పులు పెట్టి కాపలా కాసిన సంగతి ఎవరూ మరచిపోలేదు. చేలో కాల్చినదానికీ, ఆ లైనుకూ సంబంధం ఉంది.

గడ్డిలో ఎంత ఉంది?

ముందు వరి సంగతి చూడండి. ఒక టన్ను వరిగడ్డిలో సుమారు 5.5 కిలోల నత్రజని, 2.3 కిలోల భాస్వరం, 25 కిలోల పొటాష్ ఉంటాయి. ఎకరాకు రెండు టన్నుల గడ్డి వస్తుందనుకుంటే అందులో అర బస్తా యూరియాకు సమానమైన నత్రజని, ఒకటిన్నర బస్తాకు పైగా పొటాష్ ఉన్నట్టు లెక్క. కాలిస్తే నత్రజని దాదాపు అంతా పొగలో పోతుంది. పొటాష్ చాలావరకు బూడిదలో మిగులుతుంది గానీ, ఆ బూడిద గాలికి, వానకు చేను దాటిపోతుంది. పైగా ఆ వేడికి నేల పైపొరలోని మేలుచేసే సూక్ష్మజీవులు చచ్చిపోతాయి.

పశువులకు కావలసిన గడ్డి కట్టుకోండి. మిగిలిన కొయ్యకాళ్ల మీద ఎకరాకు 50 కిలోల సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ చల్లి, తడి ఉన్నప్పుడే రోటవేటరుతో కలియదున్నండి. వెంటనే నాటు వేయవద్దు. గడ్డి కుళ్లేటప్పుడు నేలలోని నత్రజనిని తానే లాక్కుంటుంది, పైరు పచ్చబడుతుంది. మూడు నాలుగు వారాలు గడువిస్తే ఆ బెడద ఉండదు.

పత్తికట్టెతో రెండు లాభాలు

పత్తికట్టెను పొయ్యిలోకని గెట్టు మీద నెలల తరబడి ఉంచుతాం. గులాబీ రంగు పురుగుకు అదే ఇల్లు. కట్టెకు మిగిలిన ఎండుకాయల్లో, గింజల్లో పురుగు నిద్రావస్థలో దాగి ఉండి, మళ్లీ పత్తి పూతకొచ్చేసరికి లేస్తుంది. అందుకే పంటను వేసవి దాకా పొడిగించకుండా డిసెంబరు, జనవరికల్లా ముగించి, కట్టెను ముక్కలు చేసే యంత్రంతో పొడి చేయించాలి. ఒక్కరికి యంత్రం భారమైతే పదిమంది కలిసి కిరాయికి తెచ్చుకోవచ్చు. ఎక్కడ దొరుకుతుందో మీ వ్యవసాయ విస్తరణ అధికారిని అడగండి.

ఆ ముక్కలను ఎరువు చేయడం కష్టమేమీ కాదు. నీడ పట్టున మూడడుగుల లోతు బొంద తవ్వండి. అడుగు మందాన కట్టె ముక్కలు, ఎండుటాకులు పరచి, పైన పెండ కలిపిన నీళ్లు చల్లి, పలచగా మట్టి వేయండి. ఇట్లా వరుస మీద వరుస పేర్చి పైన మట్టితో అలకండి. పిడికిట పిండితే చెయ్యి తడిసేంత చెమ్మ ఉంటే చాలు, నీళ్లు నిలవకూడదు. నెలకోసారి తిరగేయండి. కట్టె గట్టిది కాబట్టి నాలుగైదు నెలలు పట్టవచ్చు. నల్లగా, పొడిపొడిగా, వాసన లేకుండా ఉంటే ఎరువు తయారైనట్టే.

మన పాత జిల్లా ఊరు చూడండి

2016లో కొత్త జిల్లాలు వచ్చేదాకా మనమూ, జనగామ వాళ్లూ ఒకే వరంగల్ జిల్లా వాళ్లం. అక్కడ లింగాలఘనపురం మండలంలో ఏనెబావి అనే చిన్న పల్లె ఉంది. యాభైకి పైగా కుటుంబాలు, సుమారు 280 ఎకరాల సాగు. ఆ రైతులంతా కలిసి 2006లో తమది రసాయనాలు వాడని ఊరని ప్రకటించుకున్నారు. పశువుల పెంట, వానపాముల ఎరువు, చెరువు మట్టి వాళ్ల బలం. అందరం ఒక్కసారిగా అంత దూరం పోలేకపోవచ్చు. కానీ ఊళ్లో పుట్టింది ఊరి నేలకే చేర్చడం మాత్రం మనమూ చేయగలం.

ఊరి చెత్త కూడా ఎరువే

2020-21లో మన దేశపు పట్టణాల్లో రోజుకు సుమారు 1,60,000 టన్నుల చెత్త వచ్చింది. అందులో దాదాపు సగమే శుద్ధి అయింది. చెత్తను మళ్లీ వాడకంలోకి తేవాలని ఇప్పుడు పెద్ద పెద్ద మాటలు వినపడుతున్నాయి. మన తాతలకు అది పెంటకుప్ప రూపంలో ఎప్పుడో తెలుసు. 2019లో మొదలైన పల్లె ప్రగతి కింద పంచాయతీల్లో ట్రాక్టర్లు, డంపింగ్ యార్డులు, కంపోస్టు షెడ్లు వచ్చాయి. ఇంటి దగ్గరే తడి చెత్త, పొడి చెత్త వేరు చేసి ఇస్తేనే ఆ షెడ్లో మంచి ఎరువు తయారవుతుంది. గాజు పెంకులు, కవర్లు కలిసిన ఎరువును చేలోకి తోలవద్దు. పురుగుమందు డబ్బాలను మాత్రం ఏ చెత్తలోనూ కలపరాదు, కాల్చరాదు. మందు కలిపేటప్పుడే మూడుసార్లు కడిగి, ఆ నీళ్లు పంపులోనే పోసి, డబ్బాకు చిల్లు పొడిచి, పిల్లలకు, పశువులకు అందకుండా విడిగా ఉంచండి.

ఒకేసారి అంతా మారదు. ఈసారి అర ఎకరం కట్టెతో మొదలుపెట్టండి. ఆ ఎరువు వేసిన సాళ్లనూ, వేయని సాళ్లనూ పక్కపక్కన పెట్టి మీరే చూసుకోండి. బాగుందనిపిస్తే వచ్చే సంక్రాంతికి అగ్గిపెట్టె ఇంట్లోనే ఉంచి రండి.